నెల సమావేశం కిస్తీ కట్టే రోజుగానే మిగలకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మార్చి 8వ తేదీ గడిచిపోయింది. నెల్లూరు నగరంలోనూ, కావలి, ఆత్మకూరు వంటి పట్టణాలలోనూ ఎప్పటిలాగే మహిళా దినోత్సవ సభలు జరిగాయి. శాలువాలు కప్పారు, ముగ్గుల పోటీలకు, మ్యూజికల్ చైర్స్‌కు బహుమతులిచ్చారు, ఆ ఫొటోలు పత్రికల జిల్లా పేజీలలో వచ్చాయి. ఆ ఒక్క రోజు పండుగ చేసుకోవడం పట్ల నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను రాయదలచింది మిగిలిన పదకొండు నెలల సంగతి. వీధివీధినా, ఊరూరా మహిళా సంఘాలు ఉన్న ఈ జిల్లాలో ఆ సంఘాలు నెలకొకసారి కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటున్నాయి, ఏం నేర్చుకుంటున్నాయి, ఎంత సంతోషంగా లేచి ఇంటికి వెళుతున్నాయి అన్నది ఎవరూ అడగని ప్రశ్నగా మిగిలిపోయింది. ఉగాదితో కొత్త సంవత్సరం మొదలవుతుంది కనుక, ఏడాది పొడవునా నెలకొక కార్యక్రమం ముందుగానే నిర్ణయించుకుని నడుపుకోవలసిన అవసరాన్ని మీ పత్రిక ద్వారా తోటి మహిళలకు, సంఘాలకు బాధ్యులైన వారికి విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చాలా పొదుపు సంఘాల నెల సమావేశం ఇప్పుడు ఇలా జరుగుతోంది. లీడరు ఇంటి అరుగు మీద పుస్తకం తెరిచి ఉంటుంది. ఒకామె వచ్చి కిస్తీ డబ్బు ఇచ్చి సంతకం పెట్టి వెళుతుంది. ఇంకొకామె కూతురి చేత డబ్బు పంపుతుంది. మూడో ఆమె ఫోనులో పంపించి, సంతకం రేపు పెడతానంటుంది. సాయంత్రానికి పుస్తకంలో అందరి సంతకాలూ ఉంటాయి కాని, ఆ పదిమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. తీర్మానం పుస్తకంలో మాత్రం ‘సభ్యులందరూ హాజరై చర్చించడమైనది’ అన్న వాక్యం ప్రతి నెలా తప్పకుండా కనిపిస్తుంది. అప్పు తీసుకోవడం, తీర్చడం చిన్న విషయాలని నేననను. ఇంట్లో ఆడపిల్ల ఫీజుకో, బర్రెను కొనడానికో, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా డబ్బు పుట్టడం ఎంత గొప్ప మార్పో మా తరం వారికి బాగా తెలుసు. అయితే పొదుపు సంఘాలకు మొదటి నుంచీ నేర్పిన పంచసూత్రాలలో మొట్టమొదటిది క్రమం తప్పని సమావేశమే. పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ దాని తరువాతే వస్తాయి. తరువాతి కాలంలో వాటికి ఆరోగ్యం, చదువు, పంచాయతీ వ్యవహారాలలో పాల్గొనడం, ప్రభుత్వ పథకాలు అందుకోవడం, నిలకడైన జీవనోపాధి అనే అయిదింటిని చేర్చి దశసూత్రాలు చేశారు. అంటే నేను అడుగుతున్నది కొత్త కోరిక కాదు, శిక్షణ తరగతులలో చెప్పి వదిలేసిన సగం సూత్రాలను అమలులో పెట్టమనే.

ఈ మాట నెల్లూరు జిల్లాలో చెప్పడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. 1990ల మొదట్లో అక్షర దీపం పేరిట ఈ జిల్లా పల్లెల్లో రాత్రి బడులు నడిచాయి. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రి దీపం కింద పలకలు పట్టుకుని కూర్చున్నారు. అక్కడ అక్షరాలు మాత్రమే దిద్దించి పంపి ఉంటే, వాళ్లు సంతకం నేర్చుకుని ఇంటికి వెళ్లి ఉండేవాళ్లు. కాని పాఠం తరువాత చర్చ ఉండేది, పాట ఉండేది, కళాజాత బృందాల నాటికలు ఉండేవి. కూలి డబ్బు సారా కొట్టుకు పోతున్న సంగతి పాఠంలో చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, తరువాత ఏం చేయాలో ఆ కూర్చున్న చోటే మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో కలిసిన మహిళలు సారాను ఊళ్లోకి రానివ్వకుండా నిలబడ్డారు. ఆ ఊరి మాట పక్క ఊళ్లకు, తరువాత రాష్ట్రమంతటికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. అది 1997లో సడలిపోయింది, ఆ చరిత్ర వేరే. ఇక్కడ నేను ఎత్తి చూపుతున్నది ఒక్కటే. రాష్ట్ర చట్టాన్ని మార్చిన ఆ కదలిక పుట్టింది ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చుని, ఒక విషయం పెట్టుకుని మాట్లాడుకున్న సమావేశాలలో.

సారా ఉద్యమంలో ఒకచోట చేరిన ఆ ఆడవాళ్లే తరువాత రోజుకో రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయలు దాచుకుంటూ పొదుపు లక్ష్మి సంఘాలుగా ఏర్పడ్డారు. ముందు కలిసి కూర్చోవడం, తరువాత డబ్బు. ఇప్పుడు ఆ వరుస తలకిందులైంది. డబ్బు కోసమే సంఘం, అప్పు తీరితే సంఘం అవసరమూ తీరిపోయినట్టే అన్న ఆలోచన కొత్త సభ్యులలో, ముఖ్యంగా పెళ్లయి కొత్తగా మా ఊళ్లకు వచ్చిన అమ్మాయిలలో బలపడుతోంది. వాళ్లను తప్పుపట్టలేము. సంఘంలో ఇంకేమైనా ఉంటుందని మనం వాళ్లకు చూపించలేదు కదా.

ఇంకా వెనక్కి చూస్తే, రచయిత్రి భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం ఏర్పాటులో ముందు నిలిచారు. నెల్లూరులో పొనకా కనకమ్మ 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. చిన్న వయసులోనే పెళ్లయి, ఇంట్లోనే చదువు నేర్చుకున్న ఆమె, తనకు అందని బడిని ఇతరుల పిల్లలకు కట్టించారు. ఆనాటి స్త్రీ సమాజాలలో అప్పు పుస్తకాలు లేవు. చదవడం, వినడం, చర్చించడం, చేతిపని నేర్చుకోవడం, కలిసి ఫలహారం చేయడం ఉండేవి. వంద సంవత్సరాల తరువాత మనకు బ్యాంకు ఖాతాలు, ఫోన్లు, భవనాలు అన్నీ సమకూరాయి. కలిసి కూర్చునే గంట మాత్రం తగ్గిపోయింది.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. నగరంలోని మా పేటలో కొన్ని పొదుపు గ్రూపుల సభ్యులు, ఏ గ్రూపులోనూ లేని మరికొందరు ఇల్లాళ్లు కలిసి కొంతకాలంగా నెలకొక కార్యక్రమం నడుపుకుంటున్నాము. ఇళ్లలో పనిచేసేవారు, కుట్టుమిషను పెట్టుకున్నవారు, రొయ్యల కంపెనీలో షిఫ్టుకు వెళ్లేవారు, బట్టల దుకాణంలో నిలబడి పనిచేసేవారు, ఒకరిద్దరు టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్త ఇందులో ఉన్నారు. మా అనుభవంలో తేలిన కొన్ని విషయాలు ఇతర సంఘాలకు ఉపయోగపడతాయని అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది వేళ. సంఘాలకు సంబంధించిన సమావేశాలు, శిక్షణలు సాధారణంగా పగలు పదకొండు గంటలకో, మూడు గంటలకో పెడతారు. అవి కార్యాలయాల వేళలు. ఆ సమయంలో ఖాళీగా ఉండే మహిళ పేద ఇంటి మహిళ కానే కాదు. పట్టణంలో అయితే ఆమె ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. పల్లెలో అయితే నాట్లలోనో, కలుపులోనో, కోతల్లోనో ఉంటుంది. మన జిల్లాలో మొదటి పంట తరువాత ఎడగారు పంట కూడా వేసే చోట ఆమెకు తీరిక దొరికే రోజులు ఇంకా తక్కువ. రోజు కూలి వదులుకుని సమావేశానికి రమ్మనడం అన్యాయం. మా పేటలో ఈ విషయం మీద చాలా వాదన జరిగిన తరువాత, “అక్కా, రాత్రి ఏడింటికైతే అన్నం వార్చి పెట్టి వస్తాను” అని ఒకామె అన్న మాటనే అందరూ ఒప్పుకున్నారు. నెలలో రెండో శనివారం, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు అని ఖాయం చేశాము. తేదీ మారదు, వేళ మారదు. తేదీ మారకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, మగవారి చేత ఇంట్లో పిల్లలను చూసుకోమని అడగాలంటే ఆ నిలకడే ఆడవారికి బలం. ‘ఈ రోజు ఏదో మీటింగు ఉందట’ అంటే వినని భర్త, ‘రెండో శనివారం కదా’ అంటే వింటున్నాడు.

వేళ తరువాత స్థలం. మొదట్లో గుడి మండపంలో కూర్చుందామని కొందరు, ఒకరి మిద్దె మీద కూర్చుందామని కొందరు అన్నారు. గుడి అయితే మా పేటలోని ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారు రావడానికి సంకోచిస్తారు. ఒకరి ఇల్లు అయితే ఆ ఇంటివారితో మాట పట్టింపు ఉన్నవారు రారు, కులం పేరు ఎత్తకుండానే కొందరు గడప బయట నిలబడిపోతారు. అందుకే ఎవరిదీ కాని, అందరిదీ అయిన చోటు కావాలి. మాకు అంగన్‌వాడీ కేంద్రం దొరికింది. కాని చాలా పేటలలో, ఊళ్లలో ప్రజల డబ్బుతో కట్టిన సామాజిక భవనాలు, మహిళా మండలి భవనాలు తాళం వేసి ఉంటున్నాయి. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడానికే వారం పడుతుంది. కొన్నింటిలో సిమెంటు బస్తాలు, ఎన్నికల నాటి ఫ్లెక్సీలు పడి ఉన్నాయి. కొన్ని పెళ్లిళ్లకు అద్దెకు పోతున్నాయి. భవనం తెరిచినా దీపం వెలగదు, మరుగుదొడ్డిలో నీళ్లు ఉండవు. రాత్రి వేళ ఆడవాళ్లు గంటన్నర కూర్చోవాలంటే ఈ రెండూ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కార్యక్రమం విషయానికి వస్తే, ఉగాది సమావేశంలో ఏడాది మొత్తానికి ఏ నెల ఏమిటన్నది అందరం కూర్చుని రాసుకుంటాము. ఆ కాగితాన్ని అంగన్‌వాడీలో, చౌక దుకాణం గోడ మీద, ప్రతి ఇంట్లో క్యాలెండరు పక్కన అంటిస్తాము. నెల నెలా అప్పటికప్పుడు ఆలోచించుకుంటే రెండో నెలకే చేతులెత్తేస్తామని మొదటే గ్రహించాము. ఏ నెలకు ఏ విషయమన్నది ఇష్టం వచ్చినట్టు రాసేది కాదు, మనుషుల జీవితంలో అది అక్కరకు వచ్చే నెలలోనే ఉండాలి. ఉదాహరణకు, బ్యాంకు ఖాతా ద్వారా కట్టే ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు పడుతుంది. ఆ డబ్బు ఖాతాలోంచి మే నెలాఖరులో కోస్తారు, జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది. అందుకే బీమా గురించి మాట్లాడేది మే నెలలో. మొదటిది ప్రమాదంలో మరణిస్తే, రెండోది ఏ కారణంగా మరణించినా రెండు లక్షల రూపాయలు ఇస్తాయి. తమకు ఈ బీమా ఉందో లేదో తెలియనివారు మాలో ఎందరో ఉన్నారు. ఖాతాలోంచి డబ్బు కోసినట్టు పాసుపుస్తకంలో ముద్రపడి ఉన్నా అది దేనికో వారికి తెలియదు. మనిషి పోయిన ఇంట్లో ఆ సంగతి తెలిసినవారు ఎవరూ లేకపోతే ఆ రెండు లక్షలూ అడిగే దిక్కు ఉండదు. ఆ రాత్రి అందరూ పాసుపుస్తకాలు తెచ్చుకుని, చదవడం వచ్చినవారు రానివారి పక్కన కూర్చుని, వరుస వరుసా చూశాము. ఉపన్యాసం ఏమీ లేదు. మా కార్యక్రమాలలో అందరూ ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది అదే.

జూన్‌లో బడులు తెరిచే వేళకు బంగారం కుదువ పెట్టేవారు ఎక్కువ కనుక, ఆ నెల బంగారు రుణాల మీద వడ్డీ ఎలా లెక్క కడతారు, వేలం నోటీసు వస్తే ఏం చేయాలి అన్నది బ్యాంకులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనను పిలిచి అడిగాము. ఫోనులో అప్పు ఇస్తామనే యాప్‌ల గురించి, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్టు’ చేశామని బెదిరించే మోసగాళ్ల గురించి మరొక నెల పెట్టుకున్నాము. అలాంటి అరెస్టు చట్టంలో లేనే లేదు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. ఈ ఒక్క నంబరును పిల్లలు కూడా కంఠతా పట్టేలా చేయడం సంఘం చేయగల సులువైన మేలు.

న్యాయ సహాయం గురించి ఇంకొంచెం చెప్పాలి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళ ఎవరైనా సరే, ఆమె ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. ఇది విన్నప్పుడు మా సమావేశంలో ఎవరూ నమ్మలేదు. తెల్ల కార్డు ఉన్నవారికే అనుకున్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సంఘం తరఫున ఒక ఉత్తరం రాస్తే, చట్టాలు వివరించడానికి మనుషులను పంపుతారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సలహా అడగవచ్చు. గృహహింస నుంచి రక్షణ కోసం 2005లో వచ్చిన చట్టం, ఆస్తిలో కూతురి హక్కు వంటి విషయాలు ఆ రోజు చర్చకు వచ్చాయి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణను మన రాష్ట్రం 1986లోనే చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా ఈనాటికీ పుట్టింట్లో ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న ఒక్క మాటతో ఆ వాటా మాయమవుతూనే ఉంది. ఇటువంటి సంగతులు కోర్టుకు వెళ్లాక కాకుండా, తమ వంటి పదిమంది మధ్య కూర్చుని, ఏడవకుండా, సిగ్గుపడకుండా విన్నప్పుడు ఆడవారికి వచ్చే ధైర్యం వేరు.

ఆరోగ్యం మీద మేము ఏడాదికి రెండు నెలలు కేటాయిస్తాము. అది చాలదని కూడా నా అభిప్రాయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రతి సమావేశంలోనూ కూర్చున్న వారిలో సగానికి పైగా రక్తం తక్కువైనవారే అన్నమాట. గర్భిణి కాని మహిళకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నుంచి ఏఎన్ఎం నర్సమ్మ వచ్చి వేలి చుక్కతో పరీక్ష చేసినప్పుడు, మేమందరం ‘ఆరోగ్యంగా ఉంది’ అనుకున్నవారికే అంకె బాగా తక్కువగా వచ్చింది. నడుస్తుంటే ఆయాసం, సాయంత్రానికి కాళ్లు లాగడం, మనసు చిరాకు పడడం ‘వయసు మీద పడింది’ అని అనుకున్నవన్నీ రక్తం లేకపోవడం వల్లనేనని ఆ రోజు అర్థమైంది.

ఐరన్ మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కాని ఇంటింటా అవి డబ్బాలో మిగిలిపోతున్నాయి. కారణాలు అడిగితే చెప్పేవారు ఎవరూ ఉండరు. సమావేశంలో ఒకరు మొదలుపెడితే అందరూ చెప్పారు. వికారం వస్తుందని, మలం నల్లగా వస్తుంటే భయపడ్డామని, వేసుకున్నా గుణం కనబడలేదని. మలం నల్లగా రావడం ఆ మాత్రతో మామూలేనని, టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదని, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదని, నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుందని, వికారం చేసేవారు భోజనం తరువాత వేసుకోవచ్చని ఆ నర్సమ్మ ఓపికగా చెప్పింది. ఆమె ఇవన్నీ ఆరోగ్య కేంద్రంలోనూ చెప్పగలదు. కాని అక్కడ వరుసలో నిలబడ్డ మహిళ నోరు తెరిచి అడగదు, ఆమెకూ నిలిచి చెప్పే తీరిక ఉండదు. నెల సమావేశం చేసిన పని ఆ ఇద్దరినీ ఒక గంట పాటు చాప మీద ఎదురెదురుగా కూర్చోబెట్టడమే. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష పెట్టుకుని అంకెలు పోల్చుకోవడం తప్పనిసరి చేసుకున్నాము. పరీక్ష ఒక్కసారి చేసి ఫొటో తీసుకుని వెళ్లే శిబిరాల వల్ల మేలు లేదన్నది నా గట్టి నమ్మకం. 30 ఏళ్లు దాటిన మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్ల తొలి పరీక్ష ప్రభుత్వ వైద్యంలో ఉంది. ఒక్కతే వెళ్లడానికి జంకే ఆ పరీక్షకు నలుగురు కలిసి వెళ్లే ఏర్పాటు కూడా సంఘమే చేయగలదు.

అయితే ప్రతి నెలా ఆరోగ్యం, చట్టం, బీమా అంటూ పాఠాలే పెడితే ఎవరూ రారు, రావలసిన అవసరమూ లేదు. ఆడవాళ్లకు ఊరికే కూర్చుని నవ్వుకునే హక్కు కూడా ఉంది. దాని గురించి మనం మాట్లాడడానికే మొహమాటపడతాము. మన పెద్దవాళ్లకు పేరంటం ఉండేది, అట్లతద్ది ఉండేది, సంక్రాంతి నెల గొబ్బెమ్మల చుట్టూ పాటలు ఉండేవి. ఇవన్నీ ఆడవాళ్లు ఇల్లు కదిలి ఒకచోట చేరడానికి సమాజం ఒప్పుకున్న సందర్భాలు. వాటిలోని ఆనందాన్ని మేము తెచ్చుకున్నాము, ఒక్క సంగతిని మాత్రం గట్టిగా వదిలేశాము. పేరంటానికి భర్త పోయిన ఆడవారిని పిలవరు. సంఘం కార్యక్రమంలో ఆ మాట వినబడకూడదని మొదటి రోజే తీర్మానం రాశాము. పసుపు, కుంకుమ, పువ్వులు పళ్లెంలో పెట్టి ఉంటాయి, ఇష్టమైనవారు తీసుకుంటారు, ఎవరూ ఎవరికీ బొట్టు పెట్టి ఎంచి చూపరు. తాంబూలం అందరికీ ఒక్కటే. మా సంఘంలో పుస్తకాలు రాసే ఇద్దరూ భర్తలను పోగొట్టుకున్నవారే. ఒంటరిగా పిల్లలను పెంచుకొచ్చిన ఆ ఇద్దరి మాటకే అందరిలోకీ ఎక్కువ గౌరవం. చాలా సంఘాలు కార్యక్రమాన్ని దీపారాధనతో, కుంకుమ పంచడంతో మొదలుపెడుతున్నాయి. వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నవారు ఎవరో నిర్వాహకులు ఒకసారి తల ఎత్తి చూడాలని ప్రార్థిస్తున్నాను.

మన నెల్లూరుకు రొట్టెల పండుగ ఉంది. బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె తెచ్చి పంచితే, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అంటూ మతం అడగకుండా ఆడవాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకునే పండుగ అది. మొహర్రంతో కలిసి వస్తుంది కనుక ఏటా కిందటి ఏడాది కన్నా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఏడాది ప్రణాళిక రాసేటప్పుడు ఇది చూసుకోవాలి. ఆ నెల మా సమావేశంలో ముస్లిం ఇళ్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు పన్నెండుమంది అమరవీరుల కథ చెప్పారు. కార్తీకంలో వనభోజనాలకు వారు కూడా వచ్చారు. డిసెంబరులో క్రిస్మస్ కేకు కోసే ఇల్లు వేరొకరిది. వినడానికి ఇవి మామూలు సంగతులు. కాని ఎదురెదురు ఇళ్లలో పదేళ్లుగా ఉంటూ ఒకరి వంటగదిలోకి ఒకరు అడుగుపెట్టనివారు ఇప్పుడు పెట్టారు.

ఊరు దాటి వెళ్లడం ఒకప్పుడు ఖర్చుతో కూడిన పని. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఈ సదుపాయాన్ని సంఘాలు ఇంకా సరిగా వాడుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు కలిసి ఎక్కడికైనా వెళ్లి రావాలని మేము నియమం పెట్టుకున్నాము. ఒకసారి పల్లెపాడు వెళ్లాము. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం పెన్న ఒడ్డున అక్కడే ఉంది. నగరంలోనే పుట్టి పెరిగినా అంతవరకు దాన్ని చూడని ఆడవాళ్లు మాలో ఎక్కువమంది. తరువాత ఉదయగిరి వెళ్లాలని అనుకుంటున్నాము. అక్కడ అడవి కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే పని ఎక్కువగా ఆడవారి చేతులలోనే ఉంది, ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంట్లో కూర్చుని చేసే పనిని అమ్ముడుపోయే వస్తువుగా వాళ్లు ఎలా మలచుకున్నారో, ధర ఎలా కడతారో, మధ్యవారికి ఎంత పోతుందో వాళ్ల నోటనే వినాలన్నది మా ఉద్దేశం. శిక్షణ తరగతిలో ‘మార్కెటింగ్’ అని గంట చెప్పే దానికన్నా ఇది ఎక్కువ ఉపయోగమని నేను నమ్ముతున్నాను.

ఖర్చు గురించి అడుగుతారు కనుక క్లుప్తంగా చెబుతాను. మనిషికి నెలకు ఇరవై రూపాయలు. టీకి, మరమరాల ఉప్మాకో బొరుగులకో సరిపోతుంది, మిగిలింది ప్రయాణాలకు దాస్తాము. లెక్క గోడ మీద అంటిస్తాము. దాతల వద్ద, నాయకుల వద్ద డబ్బు తీసుకోము. తీసుకున్న నాటి నుంచి వారి ఫ్లెక్సీ వేదిక మీదకు వస్తుంది, వారు వచ్చేవరకు ఆడవాళ్లు ఎదురు చూస్తూ కూర్చోవాలి.

ఇక్కడే ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. సభలకు జనం కావలసి వచ్చినప్పుడల్లా మహిళా సంఘాలను గుర్తుచేసుకునే అలవాటు మన ప్రజాజీవితంలో బాగా పాతుకుపోయింది. ఏ పార్టీ, ఏ ప్రభుత్వం అన్న తేడా లేదు. బస్సులు పెట్టి, భోజనం పొట్లాలు ఇచ్చి, రాకపోతే లోను ఆలస్యమవుతుందన్న భయం చూపి ఎండలో కూర్చోబెడతారు. ఆ రోజుల హాజరు కూడా సంఘం కార్యక్రమంగానే పుస్తకాలలో చేరుతోంది. తమ విషయం ఒక్కటీ మాట్లాడుకోని చోటికి వెళ్లి చప్పట్లు కొట్టి రావడం సంఘం పని కాదు. సంఘం క్యాలెండరు సంఘమే రాసుకోవాలి. అధికారులు, డాక్టర్లు, లాయర్లు మా ఆహ్వానం మీద, మా వేళకు, మేము అడిగిన విషయం చెప్పడానికి రావాలి. వచ్చినవారిని మేము కూడా నిక్కచ్చిగా కోరేది ఒక్కటే, ఇరవై నిమిషాలు మాట్లాడి, నలభై నిమిషాలు మా ప్రశ్నలు వినాలని.

చివరగా నా అభ్యర్థనలు. నగరపాలక, పురపాలక, పంచాయతీ అధికారులు తమ పరిధిలోని సామాజిక భవనాలను నెలలో నాలుగు సాయంత్రాలైనా మహిళా సంఘాలకు అద్దె లేకుండా కేటాయించి, తాళం చెవి ఎవరి వద్ద ఉంటుందో ఆ భవనం గోడ మీదనే రాయించాలి. దీపం, నీళ్లు, మరుగుదొడ్డి ఉండేలా చూడాలి. సంఘాల బాధ్యతలు చూసే సిబ్బంది, నెల సమావేశం జరిగిందా అని పుస్తకంలో సంతకాలు లెక్కపెట్టడంతో ఆగకుండా, ఆ నెల ఏ విషయం మాట్లాడుకున్నారని ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి. మీ పత్రికకు ఒక మనవి. జిల్లా పేజీలో వారానికొక రోజు, జరిగిపోయిన సభల ఫొటోలకు కేటాయించే స్థలంలో కొంత తీసి, రాబోయే వారంలో ఏ పేటలో, ఏ ఊరిలో, ఏ వేళకు మహిళా సంఘం కార్యక్రమం ఉందో నాలుగు వరుసలలో వేయండి. పక్క పేటవారు చూసి వస్తారు, చూసినవారు తమ పేటలో మొదలుపెడతారు. అక్షర దీపం రోజులలో రాత్రి బడులు నడిపిన వాలంటీర్లు, అందులో చదువుకున్న తల్లులు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ సమావేశాలు ఎలా నడిపారో వారు ఈ శీర్షికకే రాస్తే, ఉగాది నాటి మా సమావేశంలో వాటిని చదివి, ఈ ఏడాది కాగితం రాసుకోవడానికి ముందు అందరికీ వినిపిస్తాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నెల్లూరు.